కుమజో పేరిట ఒక గుండు

నీగతా,
ఏప్రిల్ 14, 1974

నానమ్మకు నమస్కారాలు.

ఇక్కడ నది గట్టున చెర్రీ పూలు విచ్చుకున్నాయి. మన కురుమిదనిలో ఇంకా నడుములోతు మంచు ఉండి ఉంటుంది. నీ ఆరోగ్యం బాగున్నదని తలుస్తాను. తాతయ్య పోయిన నలభై తొమ్మిదో రోజు కర్మకు రాలేకపోయాను. ఉద్యోగంలో చేరి అప్పటికి వారమే అయింది, సెలవు అడగడానికి నోరు రాలేదు. నన్ను క్షమించు.

పర్యాటక కార్యాలయంలో నాకు మొదటి పని అప్పగించారు. మా అధికారి సెకినె గారు, "ఏడాది పొడవునా మన ప్రాంతంలో చూడదగిన పండుగలు, బాణసంచా ప్రదర్శనలు అన్నీ ఒక చిన్న పుస్తకంలో రావాలి, ఒక్క అక్షరం తప్పుండకూడదు" అన్నారు. జూన్‌లో షిరోనె గాలిపటాల యుద్ధం, జూలైలో కషివజాకి సముద్రం మీది బాణసంచా, ఆగస్టులో నగావోకా, శీతకాలంలో కొండ ఊళ్ల మంచు పండుగలు. నేను చూడనివి చాలా ఉన్నాయి. నువ్వు చూసినవాటి గురించి రాస్తావా? యాత్రికులకు పనికొచ్చే విషయాలైతే మేలు.

నీ మనుమరాలు,
నత్సుయే

*

కురుమిదని,
మే 2

నత్సుయేకు,

పూల గురించి, మంచు గురించి రాయకు. ఆకాశం ఇక్కడా ఉంది, తలెత్తితే కనిపిస్తుంది. తపాలా బిళ్ల ఖర్చు పెట్టి ఉత్తరం రాసేటప్పుడు కబుర్లు రాయాలి.

నా అక్షరాలు చూసి నవ్వకు. నువ్వు ఒకటో తరగతిలో పొయ్యి దగ్గర కూర్చుని దిద్దుకుంటే పక్కన కూర్చుని నేర్చుకున్నవి. నా చిన్నప్పుడు పరాయివాళ్ల పసిపిల్లల్ని వీపున కట్టుకుని బడి కిటికీ బయట ఊపుతూ నిలబడ్డమే నా చదువు. అందుకే నీలాగా గుండ్రంగా రావు. ఊళ్లో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లవి నువ్వు. నేను బడి గడప దుమ్ము కూడా తొక్కనిదాన్ని.

యాత్రికులకు పనికొచ్చేవి రాయమన్నావుగా. రాసుకో. కషివజాకిలో గాలి సముద్రం మీంచి తిరిగితే మూడు గంటలూ పొగే చూస్తారు. నేనూ మీ తాతా ఒకసారి వెళ్లి పొగ చూసి, కాల్చిన స్క్విడ్ తిని వచ్చాం. స్క్విడ్ బావుంది. నగావోకా గురించి మాత్రం వాగను. అది యుద్ధంలో ఒక్క రాత్రిలో కాలిపోయినవాళ్ల కోసం. అక్కడికి వెళ్లేవాళ్లను కాసేపు నోరు మూసుకోమని రాయి.

ఇక మా పుట్టింటి ఊరి అల్లుడి విసురు. జనవరి పదిహేను. బయటూరివాడు మా ఊరి పిల్లను చేసుకున్నాడంటే కొత్త ఏడాదిలో వాణ్ణి భుజాల మీద ఎత్తుకుపోయి, గుడి ముందు గట్టు మీంచి మంచులోకి విసిరేస్తారు. పిల్లను ఎత్తుకుపోతున్నందుకు కక్ష. మీ తాతను విసిరినప్పుడు కిమోనో ఒక పక్కకి, ఆయన ఒక పక్కకి, గోచీ ఇంకో పక్కకి పోయాయి. లేచి నిలబడి "నా గోచీ ఏదర్రా?" అని అరిచాడు. మా మేనత్తలు మూడు రోజులు నవ్వారు. ఒకావిడ నవ్వి నవ్వి దవడ పట్టేసి జావ తాగింది. ఆ గోచీ మాత్రం దొరకలేదు. "మీ ఊళ్లో అందరూ గోచీ దొంగలే" అని నలభై అయిదేళ్లు నన్ను తిట్టాడు. నీకు తెలిసిందేగా, నోట్లోంచి మాట రావాలంటే వాయిదా వేసే మనిషి. ఆ ఒక్క గొడవకి మాత్రం వాన కురిసినట్టు మాట్లాడేవాడు.

దీన్ని నీ పుస్తకంలో వేసుకో. అల్లుళ్లు బిగించి కట్టుకు రావాలి అని కూడా వెయ్యి.

తోయొ

*

నీగతా,
జూన్ 11

నానమ్మకు,

ఈసారి వాతావరణం రాయడం లేదు.

షిరోనె వెళ్లాను. నదికి అటొక జట్టు, ఇటొక జట్టు. ఒక్కో గాలిపటం మన గదంత ఉంది. రెండూ చిక్కుపడి నదిలో పడ్డాక, తాడు తెగేదాకా రెండు గట్లవాళ్లూ లాగుతారు. నేను వివరాలు రాసుకుంటుంటే ఒక ముసలాయన, "పుస్తకం మూసి తాడు పట్టుకోవమ్మా, ఓడిపోతున్నాం!" అన్నాడు. పట్టుకున్నాను. ఆఫీసు బూట్లతో బురదలో పడ్డాను. మేమే గెలిచాం. ఆ సంగతి సెకినె గారికి చెప్పలేదు.

ఒక శుభవార్త. నా పుస్తకంలో మన కురుమిదని పండుగ కూడా చేర్చమన్నారు. నేను రాసిన ముక్క తప్పేమైనా ఉంటే దిద్దు: "ఏటా సెప్టెంబరు 12న జరిగే ఈ బాణసంచా పండుగలో, పేల్చే ప్రతి గుండుకూ ఒక కుటుంబం ఉంటుంది. పెళ్లి, పుట్టుక, అరవయ్యో ఏడు, మరణం, ఏదైనా సరే, ఆ కుటుంబం రాసిచ్చిన నాలుగు మాటలు ముందు మైకులో దేవుడికి వినిపిస్తారు. తర్వాతే గుండు ఆకాశంలోకి వెళుతుంది."

ఇది చదివి సెకినె గారికి చాలా నచ్చింది. ఈ ఏడాది పత్రికలవాళ్లనూ ఇతర ఊళ్ల అధికారులనూ పన్నెండు మందిని బస్సులో మన పండుగకు తీసుకొస్తున్నారు. నా వెంట. భయంగానూ ఉంది, గర్వంగానూ ఉంది. ఆ రోజు అంతా సక్రమంగా జరగాలని దేవుణ్ణి వేడుకుంటున్నాను.

నత్సుయే

*

కురుమిదని,
జూన్ 27

నత్సుయేకు,

వెదురాకుల్లో చుట్టిన పిండి ఉండలు పంపుతున్నాను. పదిహేను. మీ అధికారికి ఒకటి పెట్టు, రెండు అక్కర్లేదు.

ఆ ముక్కలో తప్పు లేదు. ప్రాణమూ లేదు. పోయినేడు మంగలి ఒకడు పెళ్లాం పుట్టింటికి పోతే "తిరిగి రా, కూర మాడుతోంది" అని గుండు పేల్చాడు. అది రాశావా? లేదు. మర్నాడు పొద్దున్న బస్సుకే వచ్చింది ఆవిడ.

సరే, అసలు సంగతి. చలికాలం మీ తాత బాణసంచా మాస్టారు దగ్గర గుండ్లకి కాగితం అంటించేవాడుగా. ఇంటి కప్పు మీద మంచు తోడుతూ జారిపడి పోవడానికి నాలుగు రోజుల ముందు అంటించిన గుండు ఒకటి అక్కడే ఉంది. పుచ్చకాయంత. "అవ్వా, ఇది ఇంకెవరికీ అమ్మను, ఈయన పేరిట ఈయన అంటించిన గుండే పేలాలి" అన్నాడు మాస్టారు. ఒప్పుకున్నాను.

మైకులో చదవాల్సిన చీటీ పట్టుకెళితే ఇగరాషి హెడ్మాస్టరు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. బడి వదిలి పదేళ్లయినా పండుగ సంఘంలో కూర్చుని ఊరంతటికీ ఇంకా అచ్చుతప్పులు దిద్దుతున్నాడు మహానుభావుడు.

"తోయొ గారూ, అక్షరాలు కోడి గీకినట్టున్నాయి. ఎవరిచేతనైనా శుభ్రంగా రాయించుకు రండి" అన్నాడు.

"అక్షరాలదేముంది, మాట ఎలా ఉంది?" అన్నాను.

"మాట గురించి మాట్లాడకపోతేనే మంచిది" అన్నాడు.

శుభ్రంగా రాయడానికి మన ఇంట్లో ఒక పంతులమ్మ ఉందిగా. ఇదీ చీటీ. ఉన్నది ఉన్నట్టు రాసి అతనికి పంపు:

"కుమజో! నీ గోచీ నా దగ్గరే ఉంది. మా ఊరివాళ్లను తిట్టడం ఇక ఆపు. తోయొ."

అంతే. ఒక్క ముక్క ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

తోయొ

*

నీగతా,
ఆగస్టు 4

నానమ్మకు,

ఉండలు చేరాయి. సెకినె గారు ఒకటి తిని ఇంకొకటి అడిగారు. నీ ఆజ్ఞ ప్రకారం లేవని చెప్పాను.

నగావోకా నుంచి నిన్ననే వచ్చాను. నువ్వు చెప్పింది నిజం. మొదటి గుండు పేలినప్పుడు అంత పెద్ద జనంలోనూ ఒక్కరు చప్పట్లు కొట్టలేదు. నా పక్కన ఒకావిడ చేతులు జోడించి నిలబడింది. పుస్తకంలో "కాసేపు మౌనంగా ఉండండి" అని రాశాను, నీ మాటే కొంచెం మార్చి.

నువ్వు అడిగిన చీటీని మంచి కాగితం మీద అందంగా రాసి ఇగరాషి మాస్టారు గారికి పంపించాను. అందిందని జవాబు కూడా రాశారు. ఇక నువ్వు దిగులు పడనక్కర్లేదు.

పని ఎక్కువగా ఉంది. ఇంతకన్న రాయలేకపోతున్నాను.

నత్సుయే

*

కురుమిదని,
ఆగస్టు 19

పంతులమ్మా,

పండుగ కరపత్రం ఇంటింటికీ పంచారు. మన పేరు వెతుక్కున్నాను. "దివంగతులైన శ్రీ కుమజో గారి ఆత్మకు ప్రశాంతత కలుగుగాక. కుటుంబ సభ్యులు." మూడుసార్లు చదివాను. ఇగరాషి పనేమోనని కొట్లాటకి వెళ్లాను. నవ్వుతూ లోపలికెళ్లి నీ ఉత్తరం తెచ్చి చూపించాడు. గుండ్రటి అక్షరాలు. నా పొయ్యి దగ్గర దిద్దినవే.

ఎందుకు చేశావో తెలుసు. బస్సులో పన్నెండు మంది వస్తున్నారు, వాళ్ల ముందు మన ఇంటి గోచీ ఎగరకూడదు. చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పకుండా చేసి "దిగులు పడకు" అని రాశావు చూడు, అదీ నన్ను కొరికింది.

ఈ దివంగతుడెవడో ఆయనకేం తెలుస్తుంది? మైకులో అది విని పక్కవాణ్ణి అడుగుతాడు, "ఈ పెద్దమనిషి ఎవర్రా, పాపం, మంచివాడల్లే ఉన్నాడు" అని.

నీకు చెప్పనిది నా దగ్గరా ఒకటుంది. ఇప్పుడు చెబుతున్నా. ఆ గోచీ నిజంగానే నా దగ్గరుంది. పెళ్లయిన ఏడు మే నెలలో పుట్టింటికెళ్లాను. గట్టు కింద మంచు కరిగి కొత్త గడ్డి మొలుస్తోంది, దాని మధ్య తెల్లగా పడి ఉంది. తీసి, ఉతికి, ఆరేసి, పట్టుకొచ్చాను. గుమ్మంలోకి రాగానే ఇచ్చేద్దామనే అనుకున్నాను. ఆ రాత్రి చుట్టాలొచ్చారు. కుమజో రెండు చుక్కలు వేసుకుని ఆ కథ మొదలెట్టాడు. మంచులో పడ్డది, మేనత్తలు నవ్వింది, అన్నీ. పెళ్లయ్యాక అన్ని మాటలు ఆయన నోట వినడం అదే మొదలు. దొరికిందని చెబితే కథ అయిపోతుంది కదా అనిపించింది. పెట్టె అడుగున పెట్టేశాను. ఏటా రేపిద్దాం, ఎల్లుండిద్దాం అనుకుంటూ నలభై అయిదేళ్లు గడిపాను. చివర్లో ఎప్పుడో నెమ్మదిగా కూర్చుని చెప్పి, ఆయన మొహం ఎలా మారుతుందో చూడాలని ఆశ. మనిషి కప్పు మీంచి పడ్డాడు. మంచంలో పెట్టేసరికే అయిపోయింది.

మొన్న, పోయినవాళ్లు ఇళ్లకొచ్చే బొన్ పండక్కి ఆయన మొదటిసారి ఇంటికొచ్చాడుగా, దీపం పెట్టి పిలిచాం. పూజా అరలో ఆయన పొగతాగే గొట్టం పెట్టాను. అప్పుడే చెబుదునుగానీ, ఇంటినిండా చుట్టాలు, సన్యాసి మంత్రాలు. పైగా సెప్టెంబర్లో మైకు ఉందిలే అనుకున్నాను. ఊరు ఊరంతా వింటుండగా చెప్పాలి. నలభై అయిదేళ్లు మా ఊరివాళ్లను అందరి ముందూ దొంగల్ని చేశాడుగా, దొంగెవరో కూడా అందరి ముందే తెలియాలి.

అదీ సంగతి. నీ మర్యాద నువ్వే ఉంచుకో.

తోయొ

*

నీగతా,
ఆగస్టు 24

నానమ్మా,

నీ ఉత్తరం ఆఫీసు మెట్ల మీద చదివాను. లోపలికి వెళ్లలేకపోయాను.

నేను సిగ్గుపడ్డాను నానమ్మా. గోచీకి కాదు, మనకి. కాలేజీలో మొదటి ఏడాది నా యాస విని ఒకమ్మాయి "మీ ఊళ్లో కరెంటు ఉందా?" అని అడిగింది. అప్పటి నుంచి నోరు తెరిచే ముందు ప్రతి మాటా ఉతికి ఆరేస్తున్నాను. నీ మాటను కూడా అలాగే ఉతికాను. నువ్వు ఎందుకు రాశావో అడగాలని కూడా తోచలేదు. చదువుకున్నదాన్ని, అడగకుండానే నాకు తెలుసనుకున్నాను.

ఇగరాషి మాస్టారికి ఫోన్ చేసి మార్చమని బతిమాలాను. "కరపత్రం అచ్చయింది, గుడిలో దేవుడి ముందు పెట్టేశాం. అక్కడ పెట్టిన మాటే చదవాలి, అది ఆచారం" అన్నారు. ఆ తర్వాత ఇంకో మాట అన్నారు. ఈ ఏడాది మరణాల వరస నన్నే చదవమన్నారు. ఊళ్లో చదువుకున్న మొదటి ఆడపిల్లవి, అతిథుల ముందు ఊరికి గౌరవంగా ఉంటుంది అని. సెకినె గారు పొంగిపోయారు. అంటే నా చేత్తో మార్చినదాన్ని నా నోటితోనే చదవాలి.

నీ దగ్గర ఇంకేమీ దాచను. నన్ను ఉద్యోగంలో ఖాయం చేసేదీ లేనిదీ అక్టోబరులో తేలుతుంది. ఏం చేయాలో నాకు తెలియడం లేదు. నువ్వే చెప్పు. నన్ను క్షమించమని అడగడానికి మాటలు దొరకడం లేదు. అయినా వెనకాల మూడు పేజీలు రాశాను. ఓపిక ఉంటే చదువు.

నత్సుయే

*

కురుమిదని,
ఆగస్టు 30

నత్సుయేకు,

అచ్చయిందే చదువు. ఉద్యోగం పోగొట్టుకోకు. నీ చదువు కోసం మీ నాన్న పదకొండు చలికాలాలు టోక్యోలో సొరంగాలు తవ్వాడు, ఒక గుడ్డముక్క కోసం దాన్ని పూడ్చకు. కోపం మూడు రోజులుంది, నాలుగో రోజు వంకాయలు కోసే పనిలో పోయింది. గోచీ పెట్టెలో ఇంకో నలభై అయిదేళ్లయినా ఉంటుంది. నేనే ఉండను.

నీ మూడు పేజీల క్షమాపణ చదివాను. "చింతిస్తున్నాను" పదకొండుసార్లుంది. కాగితం మాత్రం మంచి జాతిది, పనికొచ్చింది. ఎలాగన్నది తర్వాత చెబుతాను.

తోయొ

*

నీగతా,
సెప్టెంబరు 14

నానమ్మా,

నిన్ను కలవనివ్వకుండానే నన్ను బస్సెక్కించేశారు. అందుకే పైన మైకు పెట్టిన మంచె మీద ఏం జరిగిందో రాస్తున్నాను.

నా ముందు కరపత్రం. ఎడమ పక్క ఇగరాషి మాస్టారు, వెనక కుర్చీల్లో సెకినె గారూ అతిథులూ. నాలుగు మరణాలు చదివాను. గొంతు బాగానే ఉంది. అయిదోది తాతయ్యది. "దివంగతులైన" అన్నాను. అక్కడితో ఆగిపోయాను. కింద చీకట్లో ఊరంతా ఉంది, నువ్వు ఎక్కడున్నావో కనబడలేదు. నువ్వు చెప్పినట్టే తాతయ్య పక్కవాణ్ణి అడుగుతూ నా కళ్ల ముందు కనిపించాడు, ఈ పెద్దమనిషి ఎవర్రా అని. నాకు నవ్వొచ్చింది. మైకులో నవ్వాను నానమ్మా, మరణాల వరసలో.

మాస్టారు "దగ్గు, దగ్గు" అని చెవిలో అన్నారు. నవ్వును దగ్గుగా మార్చమని.

కరపత్రం బోర్లా పెట్టి చెప్పేశాను. "కుమజో! నీ గోచీ నా దగ్గరే ఉంది. మా ఊరివాళ్లను తిట్టడం ఇక ఆపు. తోయొ." యాస కూడా నీదే వచ్చింది. ఎక్కడ దాచుకున్నానో, ఆరేళ్ల తర్వాత మొత్తం వచ్చేసింది.

మాస్టారు కళ్లజోడు తీసేశారు. నన్ను మూడేళ్లు మైకు ముట్టుకోనివ్వనన్నారు. దేవుడి ముందు ఒకటి పెట్టి ఇంకొకటి వినిపించడం ఊరి చరిత్రలో లేదట. నిజమే, తప్పే. ఒప్పుకున్నాను.

సెకినె గారు బస్సులో గంటన్నర నా వెనక సీట్లో కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు. పన్నెండు మందీ నిద్ర నటించారు. నగరం దీపాలు కనిపించాక ఆయన ముందుకు వంగి, "నిజంగానే దొరికిందా?" అన్నారు.

"దొరికిందండీ."

"ఎక్కడ?"

మొత్తం చెప్పాను. నిద్ర నటించేవాళ్లు ఒక్కొక్కరే లేచారు. ఆయన చివరికి, "సోమవారం లిఖితపూర్వకంగా సంజాయిషీ ఇవ్వండి. పైవాళ్లకు పంపాలి. ఏదీ వదలకుండా రాయండి, మేనత్త దవడతో సహా" అన్నారు. ఆ మాటకు అర్థం ఏమిటో అక్టోబరులో తెలుస్తుంది. నాకు భయంగానే ఉంది. అయినా ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

ఒక్కటే చెప్పు. నేను పైనుంచి ఆకాశాన్నే చూశాను. కింద ఏమైంది?

నత్సుయే

*

కురుమిదని,
సెప్టెంబరు 20

నత్సుయేకు,

కింద ఏమైందంటే, విను.

నువ్వు అచ్చయిందే చదువుతావనుకున్నా. ఆయనకు వినపడకపోతే కనపడనైనా కనపడాలిగదా అని ఆ గోచీ తీసి నెత్తికి చుట్టుకుని వెళ్లాను. ఉతికిందేలే. తలగుడ్డ బావుంది అని ముగ్గురన్నారు. పూజారి కూడా అన్నాడు. అన్ని గుండ్లతో పాటు నన్నూ మంత్రజలం చల్లి దీవించాడు.

తర్వాత నువ్వు మైకులో నవ్వావు. జనం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. ఆ మీదట చీటీ వినబడింది. నా వెనక చాప మీంచి మంగలి పెళ్లాం నెమ్మదిగా, "అవ్వా... నెత్తిన ఉన్నది?" అంది.

"అదే" అన్నాను.

నలభై అయిదేళ్లుగా ఆ కథ వింటున్న ఊరు నత్సుయే! చాప చాపంతా దొర్లింది. మీ నాన్న తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు, నవ్వో ఏడుపో నేను చూడలేదు, నాకు తీరిక లేదు. గుండు లేస్తోంది.

ఒక పక్క వంకరగా విచ్చుకుంది. ఎడమ పక్క నిండుగా, కుడి పక్క పలచగా. ఆయన కుడి చెయ్యి ఎప్పుడూ బద్ధకమే, ఆ పక్క కాగితం రెండు పొరలు తక్కువేసేవాడు. బాణసంచా మాస్టారు పరువు పోయిందని నెత్తి కొట్టుకున్నాడు. వంద గుండ్లలో ఉన్నా నేను దాన్ని గుర్తుపట్టేదాన్ని.

కాలిన కాగితం ముక్కలు మన మీదే రాలాయి. నీ మూడు పేజీలు ఏమయ్యాయో ఇప్పుడు చెబుతా. కుడి పక్క పలచగా ఉందని తెలిసి నేనే వెళ్లి గంజితో అంటించి వచ్చాను, పైపొరగా. సరిపోలేదనుకో. మర్యాద ఎంత అంటించినా మీ తాత వంకర తీరదు. ఒక ముక్క ఇగరాషి కోసం పోసిన బియ్యం సారా గిన్నెలో పడింది. మంచె దిగొచ్చి చూసుకున్నాడు. "చింతిస్తున్నాను" అని నీ గుండ్రటి అక్షరాల్లో. తాగాలో పారబొయ్యాలో తేల్చుకోలేక చాలాసేపు పట్టుకు నిలబడ్డాడు. చివరికి తాగాడు. నీ క్షమాపణ చేరినట్టే.

ఇప్పుడు రోజుకో ముసలమ్మ వస్తోంది, వచ్చే ఏడుకి చీటీ రాసిపెట్టమని. ఏమేం దాచుకున్నారో వింటే నీ చెవులు మూసుకుంటావు. నా కోడిగీతలే కావాలట. నీకు పంపొద్దని మరీ మరీ చెబుతున్నారు.

ఒక్క సంగతే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. కథ అయిపోయింది కదా. గొడవ తీరిపోయింది. ఇక ఆయన అక్కడ మళ్లీ నోరు మూసుకుని కూర్చుంటాడు. నా గురించి ఎవరితోనూ ఒక్క మాటా మాట్లాడడు. వారం రోజులు ఆలోచించాను.

నిన్న సాయంత్రం పూజా అరలోంచి ఆయన పొగతాగే గొట్టం తీసి దాచేశాను. ఎక్కడో నీకు కూడా చెప్పను. వచ్చే బొన్‌కి వస్తాడుగా, వెతుక్కోనీ.

తోయొ